సెల్ నంబరే పాస్‌వర్డ్ అయితే

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. నేను రిటైర్డ్ టీచర్ని. మావారు పోర్టులో చేసి రిటైరయ్యారు. అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తుంది. రెండేళ్ల కిందట ఫైబర్ కనెక్షన్ పెట్టిన అబ్బాయే వైఫై పాస్‌వర్డ్ కూడా పెట్టి వెళ్లాడు. అది మావారి సెల్ నంబరు. పై ఫ్లాటులో అద్దెకున్న నలుగురు కుర్రాళ్లు పరీక్షలప్పుడు అడిగితే ఇచ్చాను. వాచ్‌మన్ కూతురు ఇంటర్ చదువుతోంది, ఆ పిల్లకీ ఇచ్చాను. ఈ మధ్య రాత్రి ఎనిమిదయ్యేసరికి నెట్ నత్తనడక నడుస్తోంది. మొన్న మా మేనల్లుడు రౌటర్ యాప్ తెరిచి పదిహేడు పరికరాలు కలిసి ఉన్నాయన్నాడు. మా ఇంట్లో అన్నీ లెక్కపెట్టినా తొమ్మిదే. వాడేమో వైఫై పేరు దాచెయ్యి, మ్యాక్ ఫిల్టర్ పెట్టు అంటాడు. డాబా గార్డెన్స్‌లో షాపతను ఈ రౌటర్‌కి సెక్యూరిటీ లేదు, నాలుగు వేలు పెట్టి కొత్తది కొనండి అంటాడు. ఆఫీసు పని ఎవరైనా చూస్తారేమోనని అమ్మాయికి టెన్షన్. పోనీ పాస్‌వర్డ్ మార్చేద్దామంటే రేపు మెట్ల మీద పైవాళ్లు ఎదురైతే మొహం ఎక్కడ పెట్టుకోను?

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరంలో కష్టమైన ప్రశ్న ఆఖరిదే. రౌటర్ సంగతి ఒక ఆదివారం పొద్దున్న గంటలో తేలిపోతుంది. మెట్ల మీద ఎదురయ్యే మొహాల సంగతే తేలదు. నేను చూసిన ఇళ్లలో వైఫైకి పడిన కన్నాల్లో మొహమాటం కంటే పెద్దది లేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీవాళ్లు చెప్పిన మాటలు చూద్దాం.

ఆ పదిహేడు అంకె చూసి బెదిరిపోకండి. చాలా రౌటర్లు ఇప్పుడు కలిసి ఉన్నవాటితో పాటు నిన్నో మొన్నో కలిసి వెళ్లిపోయిన వాటిని కూడా అదే జాబితాలో చూపిస్తాయి. పైగా ఇప్పటి ఫోన్లకు ఒక అలవాటుంది. ప్రతి పరికరానికీ మ్యాక్ అడ్రస్ అని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది కదా, ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచీ, ఫోన్ తన అసలు సంఖ్యను దాచి వైఫైకి ఒక ఉత్తుత్తి సంఖ్య చూపిస్తుంది. దాంతో ఒకే ఫోన్ జాబితాలో రెండుసార్లు కనిపించవచ్చు. టీవీ అయితే తన పేరు కూడా చెప్పదు, ఎవరో తెలియని కంపెనీ చిప్పు పేరు చెప్పి ఊరుకుంటుంది. అందుకని ఒక రాత్రి తొమ్మిదింటికి ఈ పని చేయండి. ఒక్క ఫోను ఉంచుకుని మీ ఇంట్లోవన్నీ ఆపేయండి. టీవీని రిమోట్‌తో ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి. పది నిమిషాలాగి జాబితా మళ్లీ తెరవండి. అప్పటికీ డేటా వాడుతూ కనిపించేవి మీవి కావు. నా అంచనా ఆరో ఏడో మిగులుతాయి. నలుగురు కుర్రాళ్లన్నారు, తలా ఒక ఫోనూ, అందరికీ కలిపి రెండు మూడు లాప్‌టాప్‌లూ వేసుకుంటే లెక్క అక్కడికే వస్తుంది. వాళ్లు దొంగతనం చేయలేదు, మీరే ఇచ్చారు.

ఇక మేనల్లుడి సలహాలు. అబ్బాయి మంచి మనసుతోనే చెప్పాడు కానీ ఆ రెండూ గుమ్మానికి కట్టిన గుమ్మడికాయలాంటివి. పేరు దాచినంత మాత్రాన రౌటర్ నోరు మూసుకోదు. మీ ఇంట్లో ఏ ఫోన్ కలిసినా ఆ పేరు గాలిలో పలుకుతుంది, వినదలుచుకున్నవాడు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో వింటాడు. ఇంకో తమాషా ఏమిటంటే, దాచిన పేరుకి అలవాటు పడ్డ ఫోన్ ఇల్లు దాటాక కూడా పేరు పెట్టి పిలుస్తూనే ఉంటుంది. మీరు జగదాంబ సెంటర్లో చీరలు చూస్తుంటే మీ బ్యాగులో ఫోన్ ‘మా ఇంటి వైఫై ఇక్కడుందా’ అని అడుగుతూ ఉంటుందన్నమాట. దాచబోయి ఊరంతా చాటినట్టు అవుతుంది.

మ్యాక్ ఫిల్టర్ అంటే ముందే రాసిపెట్టిన మ్యాక్ అడ్రసులను మాత్రమే లోపలికి వదలడం. దాని కథా అంతే. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరి మొహమూ చూడకుండా, పేరు చెబితే చాలు లోపలికి వదిలేస్తున్నాడనుకోండి. అక్కడే నిలబడి ‘ఫలానా వాళ్లబ్బాయిని’ అని ఎవరో చెప్పగా విన్నవాడు రేపు అదే మాట చెప్పి లోపలికి వస్తాడు. మ్యాక్ అడ్రసులు గాలిలో తాళం లేకుండా తిరుగుతాయి, వాటిని అరువు తెచ్చుకోవడం రెండు నిమిషాల పని. పైన చెప్పిన ఉత్తుత్తి సంఖ్యల వల్ల ఈ ఫిల్టర్ పెడితే ఇబ్బంది పడేది కూడా మీరే. ఒక రోజు అమ్మాయి ఫోనే లోపలికి రాదు, ఆ రోజే ఆఫీసులో పెద్ద మీటింగు ఉంటుంది.

షాపతని మాట కొంచెం నిజం, మిగతాది వ్యాపారం. వైఫై తాళాల్లో మొదటిది డబ్ల్యూఈపీ, 1997లో వచ్చింది. 2001కల్లా దాన్ని విప్పే పద్ధతి పండితులు అచ్చేసి మరీ చూపించారు. ఆ తర్వాత తొందర మీద అతుకేసినట్టు 2003లో డబ్ల్యూపీఏ, కుదురుగా 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2006 నుంచి వైఫై ముద్ర ఉన్న కొత్త పరికరానికి డబ్ల్యూపీఏ2 తప్పనిసరి. మీ రౌటర్ రెండేళ్ల కిందటిది కాబట్టి అందులో అది ఉండి తీరాలి. 2018లో ప్రకటించిన డబ్ల్యూపీఏ3 కూడా ఉంటే మరీ మంచిది. ‘సెక్యూరిటీ లేదు’ అనడమంటే ఇంటికి గొళ్లెం ఉంది, మీరు పెట్టుకోలేదు అనడం. ఆ నాలుగు వేలు ప్రస్తుతానికి దాచుకోండి.

అసలు గొళ్లెం పాస్‌వర్డే. సెల్ నంబరు ఎందుకు పనికిరాదో లెక్క వేసి చూపిస్తాను, మీరు టీచరు కాబట్టి ఓపిగ్గా చూస్తారు.

ఫోన్ రౌటర్‌తో కలిసేటప్పుడు రెండూ నాలుగు ముక్కలు మాట్లాడుకుంటాయి. పాస్‌వర్డ్ పైకి అనకుండానే ‘నీకు తెలిసిందే నాకూ తెలుసు’ అని రుజువు చేసుకునే మాటలు అవి. డబ్ల్యూపీఏ2లో ఆ నాలుగు ముక్కల్నీ మీ మెట్ల మీద కూర్చుని ఎవరైనా రికార్డు చేసుకోవచ్చు. తర్వాత మీ గుమ్మం దగ్గర వాడికి పనిలేదు. ఇంటికెళ్లి తన కంప్యూటర్లో ఒక్కో పాస్‌వర్డే ఊహించి, ఆ రికార్డుతో సరిపోతుందా అని చూసుకుంటాడు. ఆటల కోసం కొనుక్కునే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటుంటే సెకనుకు సుమారు పది లక్షల ఊహలు చేస్తుంది. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి, మిగతా తొమ్మిది అంకెలు ఏవైనా కావచ్చు. అంటే మొత్తం 400 కోట్లు. సెకనుకు పది లక్షల చొప్పున 4,000 సెకన్లు, గంటా ఏడు నిమిషాలు. అదీ అన్నీ వరసగా చూస్తే. మీ వారి నంబరు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఉందనుకోండి, ఆ గంట కూడా అక్కర్లేదు. ఎనిమిది అంకెల పుట్టినరోజు పెట్టుకున్నవాళ్లకైతే, ఎనిమిది అంకెల్లో ఏదైనా సరే, 100 సెకన్లు.

ఇప్పుడు మాటలతో చూడండి. వాడుకలో ఉన్న ఐదు వేల తెలుగు మాటల్లోంచి కళ్లు మూసుకుని నాలుగు మాటలు తీస్తే, అన్నీ ఊహించడానికి అదే కార్డుకు ఇరవై ఏళ్లు పడుతుంది. ఐదో మాట చేర్చండి, ఇంకో ఐదు వేల రెట్లు, సుమారు లక్ష ఏళ్లు. దీనికి స్టారు గుర్తులూ, డాలరు గుర్తులూ, మధ్యలో ఒక క్యాపిటల్ అక్షరమూ ఏమీ అక్కర్లేదు. అవి అక్కర్లేకపోవడం ఎంత వరమో టీవీ రిమోట్ బాణాలతో పాస్‌వర్డ్ కొట్టినవాళ్లకే తెలుస్తుంది. ఒక్క డాలరు గుర్తు కోసం మా ఇంట్లో ఒకసారి మూడు స్క్రీన్లు తిరగాల్సి వచ్చింది, తిరిగొచ్చేసరికి ముందు కొట్టినవి చెరిగిపోయాయి.

ఆ మాటలు మీరు ఆలోచించి ఎంచకండి. ఆలోచిస్తే మనవరాలి పేరో, సింహాద్రి అప్పన్నో, పుట్టిన ఊరో వస్తాయి. పద్యపాదం అసలు వద్దు. మీరు చెప్పిన పాఠాల్లోని పద్యం ఇంకో లక్షమందికీ కంఠతా వచ్చు. నిఘంటువు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. అమ్మాయిని కళ్లు మూసుకుని ఐదుచోట్ల తెరవమనండి, వేలు పడ్డ దగ్గర చిన్న మాట తీసుకోండి. గవ్వ, సైకిల్, మిరప, దుప్పటి, లాంతరు వచ్చాయనుకుందాం. ఖాళీ లేకుండా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కలిపి రాస్తే ముప్పై చిల్లర అక్షరాలు, 63 దాకా పెట్టుకోవచ్చు. ఇవే పెట్టకండి, ఇప్పుడివి అచ్చయిపోయాయి. ఇంకో సంగతి. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంటికి నలుగురుంటే నాలుగు రకాలుగా రాస్తాం. దుప్పటిలో టీ పక్కన హెచ్ ఉందా లేదా అని మీ ఇద్దరికీ పేచీ రాకుండా, ఎలా రాశారో అలాగే కాగితం మీద పెట్టి ఉంచండి. కాగితం మీద రాయడం తప్పని చాలామంది అంటారు, నేననను. మీ ఇంట్లో బీరువాలో ఉన్న కాగితాన్ని గాలిలోంచి ఎవడూ చదవలేడు.

గోడ మీద మాత్రం రాయకండి. ఇది నా అనుభవం. సీతమ్మధారలో మేముండే ఇంటికి కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి, మరిచిపోతారేమో సార్ అని, మార్కర్ పెన్నుతో రౌటర్ కింద గోడ మీద పాస్‌వర్డ్ రాసి వెళ్లాడు. గుండ్రటి అక్షరాలు, కింద గీత కూడా గీశాడు. నేను సరిగ్గా ఆ గోడకి వీపు పెట్టి నెల రోజులు వీడియో కాల్స్ మాట్లాడాను. ఒకరోజు గాజువాకలో ఉండే మిత్రుడు మాటల మధ్యలో ఆగి ఆ పాస్‌వర్డ్ గట్టిగా చదివి వినిపించాడు. పదేళ్ల నుంచి ఊరందరికీ కంప్యూటర్ సలహాలు చెబుతున్నవాణ్ని, తడిగుడ్డ పట్టుకుని గోడ తుడుచుకుంటూ కూర్చున్నాను. మార్కర్ పోదు. క్యాలెండర్ తగిలించాను.

ఇక ఆదివారం పని. అమ్మాయికి సెలవు రోజే చూసుకోండి, మధ్యలో నెట్ పోతుంది. ఫోన్లో కాదు, లాప్‌టాప్‌లో, వీలైతే రౌటర్‌కి కేబుల్ తగిలించి చేయండి. వైఫై మీద ఉండి వైఫై పాస్‌వర్డ్ మారిస్తే కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే, సేవ్ నొక్కగానే బయటికి పడతారు. ప్రమాదమేమీ లేదు కానీ కంగారు పడతారు.

రౌటర్ తిరగేస్తే కింద స్టిక్కర్ ఉంటుంది. దాని మీద 192.168.1.1 లాంటి అంకెలూ, యూజర్ పేరూ, ఇంకో పాస్‌వర్డూ ఉంటాయి. ఆ అంకెలు బ్రౌజర్లో కొడితే రౌటర్ లోపలి పేజీ వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఈ లోపలి పేజీ పాస్‌వర్డ్ వేరు. మొదటిది వీధి తలుపు, రెండోది బీరువా. ఈ బీరువాకి చాలా ఇళ్లలో అడ్మిన్, అడ్మిన్ అనే మాటే తాళంచెవి. 2016లో మిరాయ్ అనే పురుగు ప్రపంచమంతటా కెమెరాలనూ రౌటర్లనూ ఆక్రమించింది ఏ గొప్ప తెలివితోనో కాదు. ఫ్యాక్టరీలో పెట్టి పంపిన అలాంటి మాటలు ఒక అరవై దగ్గర పెట్టుకుని వరసగా ప్రయత్నించింది, అంతే. మీ గుమ్మం ముందు పెట్టించిన కెమెరా ఉంటే దానికీ ఇది వర్తిస్తుంది. ముందు ఈ పేజీ పాస్‌వర్డ్ మార్చి, అదే కాగితం మీద రెండో వరసలో రాయండి.

స్టిక్కర్ చెరిగిపోయి లోపలికి వెళ్లలేకపోతే, వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కితే రౌటర్ మళ్లీ మొదటికి వస్తుందని యూట్యూబ్‌లో చెబుతారు. మీరు ఆ పని చేయకండి. ఫైబర్ పెట్టెలో మీ కంపెనీవాళ్లు పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా కొట్టుకుపోవచ్చు. అప్పుడు నెట్ మొత్తం పోతుంది, శని ఆదివారాల్లో మనిషి దొరకడు. ముందు కనెక్షన్ వాళ్లకు ఫోన్ చేసి లోపలి పేజీ వివరాలు అడగండి.

లోపలికి వెళ్లాక వైర్‌లెస్ అన్న చోటు వెతకండి. సెక్యూరిటీ దగ్గర నాలుగైదు పేర్లు వరసగా ఉంటాయి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసి ఉన్న ఎంపిక కనిపిస్తే అది పెట్టండి. కొత్త ఫోన్లు డబ్ల్యూపీఏ3తో కలుస్తాయి, ఆ కలయికను రికార్డు చేసి ఇంటికి పట్టుకెళ్లి ఊహించుకోవడం కుదరదు, ఒక్కో ఊహకీ మళ్లీ మీ రౌటర్‌నే అడగాలి. మీ పాత ప్రింటర్ డబ్ల్యూపీఏ2తో కలుస్తుంది. ఒట్టి డబ్ల్యూపీఏ3 పెడితే ప్రింటర్ అలుగుతుంది. కలిసిన ఎంపిక లేకపోతే డబ్ల్యూపీఏ2, పక్కన ఏఈఎస్ అని ఉన్నది. టీకేఐపీ అన్న మాట ఎక్కడ కనిపించినా వదిలేయండి.

పేరు కూడా మార్చండి. పేరు దాచడం వేరు, మార్చడం వేరు. డబ్ల్యూపీఏ2 మీ పాస్‌వర్డ్‌ను వైఫై పేరుతో కలిపి 4,096 సార్లు పిసికి అసలు తాళంచెవి తయారుచేస్తుంది. కంపెనీ పెట్టిన మామూలు పేరు లక్ష ఇళ్లలో ఉంటే, ఆ పేరుకి కావలసిన పిసుకుడంతా ఎవడో ముందే చేసి పెట్టుకుని ఉండవచ్చు. కొత్త పేరులో ఫ్లాట్ నంబరూ ఇంటిపేరూ వద్దు. ‘మొక్కజొన్న పొత్తు’ అని పెట్టుకోండి, బీచ్ రోడ్డు గాలికి బాగుంటుంది.

తర్వాత డబ్ల్యూపీఎస్ అన్నది వెతికి ఆపేయండి. ఇది ఆపకపోతే మీ ఐదు మాటలూ దండగ. పాస్‌వర్డ్ కొట్టే శ్రమ లేకుండా ఎనిమిది అంకెల పిన్నుతో కలిసే సదుపాయం ఇది. ఎనిమిది అంకెలంటే పది కోట్లు అనుకుంటాం. 2011లో దీని గుట్టు బయటపడింది. రౌటర్ ఆ పిన్నును రెండు ముక్కలుగా విరిచి, మొదటి నాలుగూ సరిపోయాయా అని విడిగా జవాబు చెబుతుంది. అవి 10,000. మిగతా నాలుగింట్లో ఆఖరిది సరిచూసుకునే అంకె, ముందున్న ఏడింటి నుంచి లెక్కకట్టి తీయొచ్చు. అంటే 1,000. కూడితే 11,000. గుణించాల్సిన చోట కూడిక చేసినట్టయింది, మీ క్లాసులో అయితే సున్నా మార్కులు. తర్వాత వచ్చిన రౌటర్లు నాలుగైదు తప్పులకే తలుపు మూసేస్తున్నాయి కానీ, మీకు అవసరమే లేని తలుపు ఉండటం ఎందుకు?

అదే పేజీల్లో బయటి నుంచి రౌటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఉంటే ఆపండి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కనిపిస్తే చేయండి. కొన్ని పెట్టెల్లో ఈ రెండూ కంపెనీవాళ్ల చేతిలోనే ఉంటాయి, మీకు కనిపించవు. కనిపించకపోతే వెతుక్కోనక్కర్లేదు.

సేవ్ నొక్కాక ఇల్లంతా ఒక్కసారి మూగబోతుంది. అందరూ బయట పడ్డారు, మీరు కోరుకున్నది అదే. తొమ్మిదింటినీ ఒక్కొక్కటే కలుపుకోండి. మీవారి టీవీ ఆఖర్న చూసుకోవచ్చు అనుకోకండి, సాయంత్రం వార్తల టైముకి గొడవవుతుంది.

అమ్మాయి టెన్షన్ గురించి. కంపెనీ పని సాధారణంగా వీపీఎన్ అనే తాళం వేసిన సొంత దారి మీదుగానో, తాళం వేసిన సైట్ల మీదుగానో వెళ్తుంది. బ్యాంకు సైట్లదీ అదే పద్ధతి. కాబట్టి పైవాళ్లు ఆమె ఫైళ్లు చదివి ఉంటారన్న భయం అక్కర్లేదు. కానీ ఒకే వైఫైలో ఉన్నవాడికి మీ ప్రింటర్, మీ కెమెరా, రౌటర్ లోపలి పేజీ చేతికందే దూరంలో ఉంటాయి. నేను ఎక్కువ ఆలోచించేది ఇంకోదాని గురించి. బయటి ప్రపంచానికి మీ వైఫైలోంచి వెళ్లే ప్రతి మాటా మీ ఇంటి నెట్ చిరునామాతోనే, అంటే ఐపీ అడ్రస్‌తోనే వెళ్తుంది. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొన్ని నిమిషాల ముందు వార్తా సంస్థలకు బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది. పోలీసులు చిరునామా పట్టుకుని వెళ్తే నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఉంటున్న ఫ్లాటు దొరికింది. ఆయన వైఫైకి తాళం సరిగా లేదు, ఎవరో వాడుకున్నారు. తనకు సంబంధం లేదని తేలే లోపల ఆ మనిషి పడ్డ అవస్థ పేపర్లలో రోజూ వచ్చింది. మీ కుర్రాళ్లు అలాంటివాళ్లని అనడం లేదు. వాళ్ల దగ్గరికి వచ్చిపోయే స్నేహితుల స్నేహితులు మీకు తెలియదు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై పేరు మీద నొక్కి షేర్ అంటే క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాలా కనిపిస్తుంది. మీరు ఒకరికి ఇచ్చారు, అది ఎంతమంది ఫోన్లలో ఉందో ఇప్పుడు ఆ ఒకరికి కూడా తెలియదు.

సరే, మెట్ల మీదికి వద్దాం.

ఇవ్వడం మానేయమని నేను చెప్పను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లాక మా వీధిలో ఒక్క మేడ మీద సెల్ సిగ్నల్ దొరికేది. ఆ ఇంటివాళ్లు గేటుకి తాళం తీసేసి పెట్టారు, వారం రోజులు మేమంతా వాళ్ల మెట్లెక్కి మావాళ్లతో మాట్లాడాం. వాళ్లు బెడ్రూం తలుపు మాత్రం తెరిచి పెట్టలేదు కదా. మీ రౌటర్లోనూ అలా మేడ మెట్లు విడిగా ఉండే ఉంటాయి, దాన్ని గెస్ట్ నెట్‌వర్క్ అంటారు. ఇంకో పేరు, ఇంకో పాస్‌వర్డ్. అందులోకి వచ్చినవాళ్లకు నెట్ వస్తుంది, మీ ప్రింటరూ కెమెరా కనిపించవు. ఆన్ చేసేటప్పుడు ‘ఇంటి నెట్‌వర్క్ చూడనివ్వాలా’ అన్న అర్థంలో ఒక గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలండి. కొన్ని రౌటర్లలో గెస్ట్‌కి వేగం పరిమితి, టైము పరిమితి కూడా పెట్టుకోవచ్చు. ఇంటికొచ్చే చుట్టాలకు కూడా ఇకమీద ఇదే చెప్పండి. అసలుది మీ ముగ్గురి మధ్యే ఉండాలి.

వాచ్‌మన్ కూతురికి గెస్ట్ ఇవ్వండి. ఆ పిల్లకి చదువు, మీరు టీచరు, ఇందులో ఆలోచించేదేమీ లేదు. పిల్లను పిలిచి ఎవరికీ చెప్పకు అని ఒక్క మాట అనండి, నెలకోసారి పాస్‌వర్డ్ మార్చి కొత్తది మీరే ఇవ్వండి. పై కుర్రాళ్ల సంగతి వేరు. నలుగురూ కలిసి తలా రెండు వందలు వేసుకుంటే సొంత కనెక్షన్ వస్తుంది, పరీక్షలు కూడా అయిపోయాయి. అబద్ధం చెప్పి తప్పించుకోవాలని చూడకండి. రౌటర్ పాడైందంటే ‘చూస్తాం ఆంటీ’ అని సాయంత్రానికి స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తారు. ‘అమ్మాయి ఆఫీసువాళ్లు ఇంటి వైఫై వేరేవాళ్లకు ఇవ్వొద్దన్నారు బాబూ, మార్చేశాం’ అని అమ్మాయి చేత ఒకసారి కంపెనీ నియమం చూపించుకుని మరీ చెప్పండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు కంపెనీలు పెట్టే నియమాల్లో ఇది సాధారణంగా ఉండేదే. నిజంగా ఉంటే అది అబద్ధం కూడా కాదు. ముఖ్యంగా పాస్‌వర్డ్ మార్చకముందే చెప్పండి. మార్చాక వాళ్లు తలుపు కొట్టి ‘నెట్ రావట్లేదు ఆంటీ’ అంటే, ఆ నిమిషంలో మీరు మళ్లీ చెప్పేస్తారు. నాకు తెలుసు, నేనూ చెప్పేవాణ్ని.

రాత్రి ఎనిమిదింటి నత్తనడక పైవాళ్లు పోగానే మాయమవుతుందని మాత్రం హామీ ఇవ్వలేను. ఆ టైముకి అపార్ట్‌మెంట్లో ప్రతి ఇంట్లో టీవీ నడుస్తుంది, అన్ని రౌటర్లూ ఒకే గాలిలో మాట్లాడుకుంటాయి. మామూలు రౌటర్‌కి గాలిలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులుంటాయి. 2.4 దారిలో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్లు మూడే, 1, 6, 11. ఇరవై ఫ్లాట్లు ఆ మూడింటినీ పంచుకోవాలి. అమ్మాయి లాప్‌టాప్‌నూ టీవీనీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. అది గోడలు దాటడంలో నీరసమే కానీ రౌటర్ ఉన్న గదిలో, పక్క గదిలో హాయిగా నడుస్తుంది, పొరుగువాళ్ల రొద కూడా తక్కువ. గుమ్మం కెమెరాలాంటివి చాలావరకు 2.4లోనే కలుస్తాయి, వాటిని అక్కడే ఉంచండి. అప్పటికీ రాత్రిళ్లు నెమ్మదైతే కేబుల్ తగిలించిన లాప్‌టాప్‌లో వేగం కొలిచి చూడండి. అందులోనూ తక్కువ వస్తే లోపం గాలిలో లేదు, లైనులో ఉంది. ఆ అంకె ఫోటో తీసి కనెక్షన్ వాళ్లకు పంపండి.

రౌటర్‌ను బాల్కనీలోంచి లోపలికి తెచ్చారా? ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు కానీ ఎంవీపీలో చాలా ఇళ్లలో ఫైబర్ తీగ బాల్కనీలోంచి వస్తుంది, పెట్టె కూడా అక్కడే బిగించేస్తారు. సముద్రపు గాలికి రెండు వర్షాకాలాల్లో పోర్టులకు తుప్పు పడుతుంది, సిగ్నల్ సగం రోడ్డు పాలవుతుంది. హాల్లో, టీవీ పైన కాకుండా కొంచెం ఎత్తులో పెట్టించండి. గోడకి ఏదైనా రాయబోతే మార్కర్ లాక్కోండి.